రెండు గంటల గోడ

మెయిన్ స్ట్రీట్‌లో ఆ మేడ నెత్తిన
1887 అని చెక్కి ఉంటుంది.
రెండో ఎనిమిది పొట్టలో పిచ్చుక గూడు.
డుబ్యూక్‌లో అందరూ దాన్ని టోపీల బిల్డింగ్ అంటారు,
అక్కడ టోపీలు అమ్మడం మానేసి
అరవై ఏళ్లయినా.

నా సరంజామా అంతా కలిపి
ఒక టార్చి, ఒక టేపు, కాగితాలు బిగించిన అట్ట.
కింద దుకాణం, నడుమ ఆఫీసులు, పైన కాపురాలు.
అలాంటి మేడలో మంట పుడితే
కిందిది పైకెక్కడానికి రెండు గంటలు పట్టాలి.
అది రూలు.
ఆ రెండు గంటలు ఎక్కడున్నాయో
వెతకడం నా ఉద్యోగం.

మార్చి నెల. మిసిసిపీ మీద మంచు
పగిలిన పళ్లెంలా కదులుతోంది.
బేకరీ తలుపు తీసి వెండెల్ రౌష్
పిండి అంటిన మోచేతులతో, "మళ్లీ మీరేనా" అన్నాడు.
తగరపు సీలింగ్, పూలూ తీగలూ అచ్చుగుద్దింది.
వెనక ఏముందో చూడాలంటే
ఒక పువ్వు ఊడదీయాలి.
ఊడదీశాను.

గ్యాస్ దీపాల కాలంనాటి గొట్టం,
ఎప్పుడో ప్రాణం పోయింది.
చుట్టూ బెత్తెడు ఖాళీ.
టార్చి వేస్తే
పోయిన వెలుగు తిరిగి రాలేదు.

రెండో అంతస్తులో పన్నుల లెక్కలు చూసే ఆఫీసు,
పక్కగదిలో ఎవరో పిల్లవాడు పియానో మీద
ఒకే తప్పును మళ్లీ మళ్లీ వాయిస్తున్నాడు.
గొట్టం వాళ్ల గోడల వెనకే పైకి పోయింది
అద్దె కట్టని మనిషిలా.

మెట్లు నలభై ఒకటి.
పంతొమ్మిదోది మిగతావాటికంటే అంగుళం పొట్టి
(అదీ రాసుకున్నాను).

పైన లియోనా కీఫర్, ఎనభై మూడేళ్లు.
ఒకప్పుడు కిందే చేతితొడుగుల కౌంటర్లో నిలబడిందట.
"ఆరున్నర," అంది నా చేతులు చూసి,
పేరైనా అడక్కముందే.

మంచం తలాపున, నేల దగ్గర, గొట్టం మళ్లీ దొరికింది.
వంగి ముక్కు పెట్టాను.
వెన్న. ఏలకులు. కొంచెం మాడిన చక్కెర.

గోడలకి చెవులుంటాయంటారు మావాళ్లు.
ఈ గోడకి ముక్కుంది.

"నాలుగింటికి రై రొట్టె," అందామె,
"నాలుగున్నరకి దాల్చినచెక్క. ఐదింటికి నేను.
గడియారం ఆగిపోయి ఎన్నాళ్లయిందో."

"ఇది మూసెయ్యాలండీ" అన్నాను.
ఎందుకని అడగలేదు.
అడగనిదానికి నేనే చెప్పుకున్నాను,
వాసన వచ్చే దారినే పొగా వస్తుందని.

"తెలుసు. డెబ్భై రెండులో పక్క బిల్డింగు కాలినప్పుడు
ఈ కిటికీలోంచే చూశాను."

కిటికీ అవతల ఇప్పుడు పార్కింగ్ స్థలం.
పన్నెండు కార్లకి తెల్లగీతలు.
ఎందుకో వాటినీ లెక్కపెట్టాను.

లోపం: ఒకటి. గడువు: పదిహేను రోజులు.
ఏలకుల సంగతి రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.

గడువునాటికి వెళ్లి చూస్తే
ఖాళీ నిండా ఎర్రటి జిగురు,
మంట తగిలితే ఉబ్బి బిగుసుకునే రకం.
వేలితో నొక్కాను. గట్టిగానే ఉంది.
సంతకం పెట్టాను.
ఇప్పుడా మేడలో రెండు గంటలున్నాయి.

అక్టోబర్లో, డ్యూటీ లేని ఒక తెల్లవారుజామున
నిద్రపట్టక వెళ్లాను. రొట్టె కోసమే అనుకోండి.
సరిగ్గా ఐదింటికి వెండెల్ స్టూలెక్కి
అప్పడాలకర్రలాంటి దాంతో
చచ్చిన గొట్టం మీద మూడుసార్లు కొట్టాడు.
"రోజూ ఇంతే," అన్నాడు, సిగ్గుపడుతూ.
"పైనుంచి ఒకటి వస్తుంది."

రాలేదు.
ఓవెన్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.
రొట్టెలు రంగు మారుతున్నాయి.
నేను మెట్లు గుర్తుచేసుకుంటున్నాను,
నలభై ఒకటి, పంతొమ్మిదోది పొట్టి,
చీకట్లో పరిగెడితే అక్కడ జాగ్రత్త

అప్పుడు, ఉంగరంతో కొట్టినట్టు,
సన్నగా
టంగుమని.